‘చెప్పినా నీకు అర్థం కాదమ్మా’ (నల్లబల్ల మాటలు - 31)

పాఠ్యపుస్తకాల మీద మొదలుపెట్టిన చర్చ వచ్చే వారం పూర్తి చేస్తాను. ఈ వారం ఒక స్కాన్ గురించి రాయక తప్పదు.

మా పిన్నమ్మ కూతురికి మోయామోయా అనే జబ్బు. మెదడుకి రక్తం మోసే పెద్ద నాళాలు ఏళ్ల తరబడి సన్నబడి మూసుకుపోతాయి. వాటి బదులు వెంట్రుకల్లాంటి నాళాలు గుబురుగా పుడతాయి. యాంజియోగ్రామ్‌లో అవి పొగలా కనబడతాయని జపాన్ డాక్టర్లు 1969లో ఆ పేరు పెట్టారు. చెల్లికి బైపాస్ చేశారు. అంటే చెవి ముందు, కణత మీద కొట్టుకునే నాళాన్ని పుర్రె లోపలికి తీసుకెళ్లి మెదడు నాళానికి కుట్టడం. 1967లో జ్యూరిక్‌లో యాసర్గిల్ మొదలుపెట్టిన ఆపరేషన్ ఇది.

మూడో రోజు చెల్లికి మాట పడిపోయింది. కుడిచెయ్యి లేవలేదు. స్కాన్ తీయమన్నాం. “ఆపరేషన్ కార్డు మీద అయింది, ఇది కార్డులో రాదు, చూద్దాం” అన్నారు. ఎందుకిలా అయిందని పిన్నమ్మ అడిగితే, “చెప్పినా నీకు అర్థం కాదమ్మా” అన్నారు.

ఈ మాట మనకి కొత్తదా? బడి గుమ్మంలో మా తాతకి చెప్పింది ఇదే కదా!

ఆ రాత్రి అప్పు చేసి బయట స్కాన్ చేయించాం. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నేను నా చెల్లి తల గురించి రాసిన ఒక్క పేజీ చదవలేక నిలబడ్డాను. డ్యూటీలో ఉన్న ఒక కుర్ర డాక్టరు మాత్రం కాగితం వెనక బొమ్మ గీసి చెప్పాడు.

బైపాస్ తర్వాత మాట పడిపోవడానికి కారణాలు రెండు వైపుల నుంచీ రావచ్చు. కుట్టిన నాళం మూసుకుపోయో, మరో కారణంగానో రక్తం చాలకపోవచ్చు. లేదా కరువుకి అలవాటు పడిన మెదడులోకి ఒక్కసారిగా ఎక్కువ రక్తం పారొచ్చు. బయటికి లక్షణం ఒక్కటే, వైద్యం మాత్రం ఎదురెదురు. మొదటిదానికి బీపీ పడిపోకుండా కాపాడాలి. రెండోదానికి జాగ్రత్తగా తగ్గించాలి, లేకపోతే రక్తస్రావం కావచ్చు. ఒకదాన్ని ఇంకొకటనుకుంటే ఇచ్చిన మందే ముంచుతుంది.

తేల్చేది స్కానే. మామూలు సీటీలో రక్తస్రావం నిమిషాల్లో తెలుస్తుంది. కానీ రక్తం అందక దెబ్బతింటున్న భాగం తొలి గంటల్లో సీటీకి దొరక్కపోవచ్చు. దానికి ఎంఆర్ఐలో డిఫ్యూజన్ చూడాలి. నాళం తెరిచే ఉందా అన్నది యాంజియోగ్రామ్ చెబుతుంది. ఎక్కడ ఎంత రక్తం పారుతోందో పర్ఫ్యూజన్ చూపిస్తుంది.

ఇదంతా విని, ముప్పై ఏళ్లుగా మిరప కోతలకి పోతున్న మా పిన్నమ్మ ఏమందో తెలుసా? “అంటే పెద్దోడా, ఏళ్లకేళ్లు ఎండిన చివరి చేనుకి ఒక్కసారి తూమెత్తితే గట్లు తెగినట్టా?”

అంతే పిన్నమ్మా. అచ్చం అంతే.

చెల్లిది రెండో రకమే. బీపీ అదుపు చేశారు. పన్నెండో రోజుకి “అమ్మా” అంది. స్కాన్ లేకుండా ‘చూద్దాం’ అని కూర్చునుంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయంగా ఉంది.

ప్రతి పేషెంటుకీ రోజూ అన్ని స్కాన్లూ తీయాలా అని కామెంట్లలో అడుగుతారు. నేను అడగలేదు. మాట పడినప్పుడు, చెయ్యి పడినప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు వెంటనే తీయాలి అంటున్నాను. ఆ ఖర్చు ఆపరేషన్ ప్యాకేజీలోనే ఉండాలి అంటున్నాను. తలకోత ఉచితం, తలలో ఏం జరిగిందో తెలుసుకోవడం మాత్రం డబ్బున్నోడికా? ఇదేం న్యాయం?

ఇంకొకటి. ఆ బొమ్మ ఎవరి తలదో వాళ్లకి వాళ్ల భాషలో చెప్పాలి. అది దయ కాదు, బాకీ. మనకి అర్థం కాదన్నవాళ్లు అసలు చెప్పి చూసిందెప్పుడు?

పిన్నమ్మకి ఒక్కసారి చెప్పారు. ఒక్క వాక్యంలో తిరిగి చెప్పింది.

జై భీమ్.