ముఖం మీద కాటుకు టీకా ఒక్కటే చాలదు

మా వీధిలో ఆరేళ్ల పాపను కుక్క కరిచింది. చెంపలో పళ్లు దిగాయి, కనుబొమ పైన చర్మం చీలింది. నేను వెళ్లేసరికి గాయం నిండా పసుపు, దాని మీద కారం. కారం పెడితే విషం లాగేస్తుందట! ఆ పిల్ల ఏడుపు ఈ వారమంతా చెవుల్లోనే ఉంది.

ఎన్నేళ్లు చెప్పినా ఈ కారం, సున్నం, కాఫీపొడి మన ఇళ్లను వదలడం లేదు. కుక్క కాటుకు మొదటి వైద్యం కొళాయి నీళ్లు, సబ్బు. పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని మరీ కడగాలి. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని ఛిద్రం చేస్తుంది. కారం గాయాన్ని రేపుతుంది, అంతే.

కాలి మీద కాటు వేరు, ముఖం మీద కాటు వేరు. ముఖంలో నరాలు ఎక్కువ, మెదడు దగ్గర. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పైనే పడుతుంది. ఆలోపు వైరస్‌ను అడ్డుకోవాలంటే గాయంలోనూ చుట్టూ సీరం, అంటే ముందే తయారైన యాంటీబాడీల మందు, ఎక్కించాలి. గుర్రం సీరమైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషిదైతే 20. "ఆడపిల్ల, మచ్చ పడుతుంది, ముందు కుట్లు వేసేయండి" అని డాక్టరు మీద పడతారు మనవాళ్లు. ముఖానికి రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి కుట్లు వేయవచ్చు, కానీ కడిగి, సీరం ఎక్కించాకే, అదీ వదులుగా. మచ్చను తర్వాత సరిచేయవచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు.

ఆ పాపను తీసుకెళ్లిన ఆసుపత్రిలో టీకా ఉంది, సీరం లేదు. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. రాత్రిపూట, ముఖానికి గుడ్డ కట్టిన పిల్లతో ఆటోలో ముప్పై కిలోమీటర్లు!

2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపినప్పుడు టీవీల్లో ఎంత చర్చ! 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం 22కల్లా మారింది, మళ్లీ అదే గోల. కుక్కల్ని ఉంచాలా తీసేయాలా అన్నదే వాదన. కరిచిన పిల్లకు సీరం ఎక్కడ దొరుకుతుందని ఒక్క యాంకరూ అడగలేదు. మన బడుల సంగతీ అంతే. ఆ పాప చదివే బడిలో కొళాయి ఉంది, సబ్బు లేదు. రంగులకు, గేటు మీద పేర్లకు డబ్బులుంటాయి, సబ్బుకే ఉండవా?

ప్రతి ఏరియా ఆసుపత్రీ తన ఫ్రిజ్‌లో ఎన్ని సీరం సీసాలున్నాయో రోజూ గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. అయిపోయిన రోజు, దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో ఆ ఊరి పేరూ రాయాలి, అక్కడికి చేర్చే అంబులెన్సునూ ఆసుపత్రే చూడాలి.