పసిబిడ్డ పాలకు, నిద్రకు టైము పెట్టవచ్చా?

నూజెండ్ల చుట్టుపక్కల పల్లెల నుండి బిడ్డలను ఎత్తుకుని టీకాలకు వచ్చే తల్లులు తరచుగా అడిగే మాట ఒకటుంది. "మా వాడికి ఒక టైమంటూ లేదండీ. పగలంతా పడుకుంటాడు, రాత్రంతా పాలకు లేస్తాడు. మూడు గంటలకొకసారి ఇచ్చి అలవాటు చేయమంటున్నారు, చేయమంటారా?" మేము నోరు తెరిచే లోపే పక్కనున్న అత్తగారు, "పాలు చాలడం లేదండీ, డబ్బా రాయండి" అంటారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి రెండు మూడు నెలలు పాలకు టైము పెట్టవద్దు. టైము పెట్టుకోవలసింది ఇంట్లో మిగిలినవాళ్లు.

తల్లిపాలు గంటన్నర, రెండు గంటల్లో అరిగిపోతాయి. అందుకే బిడ్డ రోజుకు 8 నుండి 12 సార్లు అడుగుతాడు. నీళ్లు తోడినకొద్దీ బావి ఊరినట్లు, బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరతాయి. పాలు ఊరించే హార్మోను రాత్రి వేళ ఎక్కువగా ఉంటుంది. రాత్రి పాలు మానిపించి, ఏడుస్తున్నా గడియారం చూస్తూ కూర్చుంటే కొద్ది వారాల్లో పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు డబ్బా వస్తుంది. డబ్బా ఖరీదు కాబట్టి పొదుపుగా వాడాలని నీళ్లు ఎక్కువ కలుపుతారు. బిడ్డ బరువు తగ్గేది అక్కడే.

ఈ గడియారం పద్ధతి మన పెద్దవాళ్లది కాదు. న్యూజిలాండులో ట్రూబీ కింగ్ అనే డాక్టరు 1907లో ఒక సంఘం స్థాపించి, నాలుగు గంటలకొకసారే పాలివ్వాలి, రాత్రి ఇవ్వకూడదు అని బోధించారు. ఆ మాట చాలా దేశాలకు పాకింది. ఆయన శుభ్రత గురించి చెప్పినవి మంచివే. పాల విషయం మాత్రం నిలబడలేదు. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో ఆసుపత్రులన్నిటికీ చెప్పాయి.

గడియారం అసలు పనికిరాదని కాదు. నెలలు నిండకుండా పుట్టినవారు, రెండున్నర కిలోల లోపు ఉన్నవారు, కామెర్లతో మగతగా ఉన్నవారు ఆకలికి లేవరు. వారిని రెండు మూడు గంటలకొకసారి లేపి పట్టవలసిందే.

ఇక నిద్ర. పసిబిడ్డ రోజుకు 14 నుండి 17 గంటలు పడుకుంటాడు గానీ ముక్కలు ముక్కలుగా. పగలేదో రాత్రేదో తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకు మనం చేయగలిగింది కొంత ఉంది. పగలు వెలుతురులో, ఇంటి సందడిలో ఉంచండి. రాత్రి చిన్న దీపం చాలు. మాటలు లేకుండా పాలిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టండి. సాయంత్రం స్నానం, పాలు, ఉయ్యాల రోజూ ఒకే వరుసలో జరిగితే మూడో నెల దాటాక బిడ్డే ఒక దారిన పడతాడు. అలా పడనివాళ్లూ ఉంటారు, కంగారు పడవద్దు.

నన్ను భయపెట్టేది వేరొకటి. బిడ్డ పడుకోవాలని రెండు చుక్కలు జలుబు సిరప్ పట్టే ఇళ్లు ఉన్నాయి. వందేళ్ల క్రితం బొంబాయి మిల్లుల్లో పనికి వెళ్లే తల్లులు బిడ్డ లేవకుండా నల్లమందు గోళీ వేసేవారు. సీసా మారింది, అంతే. జలుబుకు వాడే క్లోరోఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నిద్ర కోసం ఏ మందూ వద్దు.

ఆ తల్లులను తిట్టడం నాకు ఇష్టం లేదు. సంక్రాంతి దాటితే మిరప కోతలు. తెల్లవారకముందే ఆటో ఎక్కాలి, రాత్రి నిద్ర లేకపోతే ఎలా? కోతకు వెళ్లక తప్పదంటే పాలు పిండి శుభ్రమైన గిన్నెలో మూత పెట్టి వెళ్లండి. ఎండ రోజుల్లో నాలుగు గంటలకు మించి ఉంచవద్దు. పట్టేవాళ్లు సీసా కాకుండా మన ఉగ్గుగిన్నెతో పట్టాలి. తిరిగొచ్చాక మిరప ఘాటు పోయేదాకా సబ్బుతో చేతులు కడుక్కుని, చీర మార్చుకుని బిడ్డను ఎత్తుకోండి. మే నెల ఎండలోనైనా ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా మంచినీళ్లు అక్కర లేదు.

నాన్నలకు ఒక మాట. పాలివ్వడం తప్ప మిగతాదంతా మీరు చేయవచ్చు. తడి గుడ్డలు మార్చడం, భుజాన వేసుకుని తేపు తెప్పించడం, ఉయ్యాల ఊపడం. అత్తగారు తెల్లవారుజామున ఒక గంట బిడ్డను తీసుకుంటే కోడలు ఆ గంట నిద్రపోతుంది. నేను పెట్టమన్న టైము ఇదే.

పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఏడుపు ఒక్కటే కొలత కాదు. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తున్నాడా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చిందా చూడండి. ఒకటిన్నర నెల టీకాకు వచ్చేటప్పుడు కార్డు మరచిపోవద్దు. అందులో బరువు గీత పైకి పోతూ ఉంటే, మీవాడు ఎన్ని గంటలకొకసారి తాగుతున్నాడని మేము అడగము.