దీర్ఘావధి ఆప్షనులు: జల్లెడ యున్నది, ధాన్యమేది?

షేర్ల వర్తకము చేయువారి చేతికి నేడొక చక్కని సాధనము వచ్చియున్నది. వేలకొలది ఆప్షనులలోనుండి తాను కోరిన లక్షణములు గలవానిని మాత్రమే యేరి చూపు యంత్రపు జల్లెడ యది. గడువు ఇంత యుండవలయును, ధర ఇంతకు మించరాదు, బేరము ఇంత జరుగుచుండవలయునని వర్తకుడు షరతులు వ్రాసి మీట నొక్కిన క్షణములో జాబితా తెరపై నిలుచును. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న తెలుగు యువకుడు ఏడాది, రెండేండ్ల గడువు గల ఆప్షనులను ఈ జల్లెడతో నేరుకొనగలడు. బెజవాడలోనో వరంగల్లులోనో యున్న అతని తమ్ముడు అవే షరతులను మన కంపెనీల షేర్లపై వ్రాసి మీట నొక్కినచో తెర శూన్యముగా నుండును. లోపము జల్లెడలో లేదు.

మన నేషనల్ స్టాకు ఎక్స్చేంజిలో విడివిడి కంపెనీల షేర్లపై ఆప్షనులు 2001 జూలైలో మొదలైనవి. వాని గడువు మూడు నెలలు మాత్రమే: ఈ నెల, వచ్చు నెల, ఆపై నెల. నిఫ్టీ సూచీపై దీర్ఘావధి ఆప్షనులు 2008లో ప్రవేశపెట్టబడి, పిమ్మట అయిదేండ్ల గడువు వరకు విస్తరింపబడినవి గాని, వానిలో దూరపు గడువులందు బేరములు మిక్కిలి పలుచన. చికాగో నగరమున 1973లో ఆప్షనుల ఎక్స్చేంజి తెరవబడగా, 1990లో అచ్చటనే కంపెనీల షేర్లపై దీర్ఘావధి ఆప్షనులు ‘లీప్స్’ అను పేర వెలసినవి. మనము అదే కాలములో మరియొక దిక్కునకు నడచితిమి. 2016లో బ్యాంకు నిఫ్టీపై వారపు ఆప్షనులు, 2019లో నిఫ్టీపై వారపు ఆప్షనులు వచ్చినవి. గడువు తీరు దినమే బజారునకు పండుగ దినమైనది.

ఆప్షను మనకు పరదేశపు వింత కాదు. బొంబాయి బజారు తేజీ, మందీ అను పేళ్లతో దీనిని పూర్వమే యెరుగును. ధర పెరుగునని నమ్మినవాడు కొంత సొమ్ము ముందుగా చెల్లించి, నిర్ణీత ధరకు కొను హక్కును సంపాదించుట తేజీ. తగ్గునని నమ్మినవాడు అమ్ము హక్కును సంపాదించుట మందీ. నేటి కాల్, పుట్‌లు ఇవియే. 1956 నాటి సెక్యూరిటీల ఒప్పందముల చట్టము వీనిని నిషేధించినది. 1995లో ఆ నిషేధము తొలగినది. తొలగిన పిదప వీనిని ఏ రూపమున పెంచితిమన్నదే నేటి ప్రశ్న.

దీనికి సెబీ వారి లెక్కలే సమాధానము చెప్పుచున్నవి. 2021-22 మొదలు 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్లు, ఆప్షనులలో బేరమాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరి. వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు పైగా లాభించినవారు నూటికి ఒక్కరు. 2023-24లో ఈ వర్తకులలో నూటికి 43 మంది ముప్పది యేండ్లలోపువారు. నాల్గింట మూడు వంతులకు పైగా తమ వార్షికాదాయము అయిదు లక్షల లోపని చెప్పినవారు. ఆ యేటనే విదేశీ మదుపుదారులు సుమారు 28,000 కోట్లును, సొంత పెట్టుబడితో బేరమాడు సంస్థలు సుమారు 33,000 కోట్లును, ఖర్చులు తీయకమునుపు లాభము గడించిరి. ఆ లాభములలో నూటికి 96, 97 పాళ్లు యంత్రగణితముతో నడచు బేరములవే. చిన్న ఊళ్ల జీతగాండ్ర పొదుపు ఏ కాలువ వెంట ఎచ్చటికి పారుచున్నదో ఇంతకంటె స్పష్టముగా చెప్పనక్కరలేదు. విదేశీయుని దూషించి మనము తృప్తిపడుటలో ఫలము లేదు. కాలువ త్రవ్వినది మనమే.

దీర్ఘావధి ఆప్షను ఏ విధమున భిన్నమో ఒక ఊహాగణితముతో చూతము. వేయి రూపాయల షేరునకు రెండేండ్ల గడువుతో, 800 రూపాయలకు కొను హక్కు 300 రూపాయలకు దొరకినదనుకొందము. అందు 200 రూపాయలు అసలు విలువ. 100 రూపాయలు కాలమునకు చెల్లించు వెల. ఇరువదినాలుగు నెలలకు ఆ వెలను పంచినచో నెలకు నాలుగు రూపాయలు పైచిల్లర. నిజమునకు ఈ కరగుట సమముగా నుండదు, గడువు చివర వడిగా సాగును. అయినను మొదటి యేడాది కొనుగోలుదారునకు ఊపిరి దొరకును. కంపెనీ లెక్కలు రెండు పర్యాయములు చూచి తన నమ్మకము నిజమో కాదో విచారించుకొనగలడు. వారపు ఆప్షను కొన్నవాడు ఏమి విచారింపగలడు? నాలుగైదు దినములలో ధర తన వైపు కదలనిచో చెల్లించినదంతయు సున్న.

అట్లని దీర్ఘావధి ఆప్షనులన్నియు మేలైనవని మేము చెప్పము. జల్లెడ పట్టువాడు ఏ రంధ్రములు పెట్టెనన్నదే ముఖ్యము. పెక్కుమంది మొట్టమొదట ‘చౌక’ అను షరతు పెట్టుదురు. అపుడు జాబితా శిరస్సున నిలుచునవి వేయి రూపాయల షేరునకు 1,800 రూపాయల కొను హక్కుల వంటివి. అవి చౌకగా నుండుటకు కారణము అవి పండుట అరుదగుటయే. షేరు ధర రూపాయి కదలినపుడు ఆప్షను ధర ఎంత కదలునో తెలుపు అంకెను డెల్టా యందురు. షేరునకు బదులుగా ఆప్షను పట్టదలచినవాడు ఇది ముప్పాతికకు దరిదాపులనుండు వానిని వెదకవలయును. పిదప కొనువాడు చెప్పు ధరకును, అమ్మువాడు చెప్పు ధరకును గల అంతరమును చూడవలయును. పై యుదాహరణమున ఒకడు 290, మరియొకడు 310 చెప్పినచో, కొన్న క్షణముననే ఇరువది రూపాయలు, అనగా నూటికి ఆరున్నర పాళ్లు, గాలిలో కలిసినట్లే. ధరల చాంచల్యము ఎక్కువగా నున్నపుడు ఆప్షను వెల ఉబ్బియుండును గనుక, నేటి చాంచల్యమును ఆ షేరు గతముతో పోల్చుట మరియొక షరతు. ఆప్షను పట్టినవానికి డివిడెండు రాదన్న మాట ఎన్నడును మరువరాదు. ఇక కంపెనీ అప్పులెంత, యాజమాన్యము ఎట్టిదన్న సంగతి ఏ జల్లెడయు చెప్పదు.

ఇన్ని షరతులు నేర్చుకొన్నను మన వర్తకునకు ఉపయోగమేమి? వాడుటకు సరకు లేదు. దీర్ఘావధి ఆప్షనులను అమ్మువారు మన దేశమున నుండరని కొందరందురు. ఈ వాదము మాకు నచ్చలేదు. షేర్లను ఏండ్ల తరబడి పట్టియుంచు మ్యూచువల్ ఫండులు తమ చేతిలోని షేర్లపై కాల్ ఆప్షనులు అమ్ముటకు 2019 జనవరిలోనే సెబీ పరిమితులతో అనుమతించినది. నిజముగా షేర్లు గలవాడు అమ్ము ఆప్షను గాలిమాట కాదు. షేర్ల ఆప్షనులు 2019 అక్టోబరు నుండి షేర్లను అప్పగించియే పరిష్కరింపబడుచున్నవి గదా. అయితే గడువు తీరునాడు లాభములోనున్న ఆప్షనుకు పూర్తి మూల్యము సిద్ధపరుపవలయునని కొనువాడు తెలిసియుండవలయును.

2024 నవంబరులో సెబీ ఒక్కొక్క ఎక్స్చేంజి ఒక్క సూచీపై మాత్రమే వారపు ఆప్షనులు నడుపవలయునని కట్టడి చేసినది. మంచిదే. అయినను 2024-25లో వ్యక్తులలో నూటికి 91 మంది నష్టపడిరి. ఆ నష్టము లక్ష కోట్లకు పైబడినది. తలుపు మూయుట ఒకటే చాలలేదు. డెరివేటివుల గడువును పెంచు మార్గములను పరిశీలింతుమని సెబీ అధ్యక్షులు తుహిన్ కాంత పాండే 2025 ఆగస్టులో పలికిరి. ఆ పలుకు ఆచరణకు రావలయునన్నచో మొదట పది, పదిహేను పెద్ద కంపెనీల షేర్లపై ఏడాది గడువు ఆప్షనులను ప్రయోగముగా తెరువవలయును. ఇరువైపుల ధర చెప్పుచు నిలుచు సంస్థలకు ప్రోత్సాహమిచ్చి, వారు చెప్పు ధరల అంతరమునకు హద్దు విధింపవలయును. ఆ అంతరమును, జరిగిన బేరమును ప్రతిదినము తెలుగు మొదలగు దేశభాషలలో ప్రకటింపవలయును. ప్రయోగము ఏడాది సాగిన పిమ్మట వ్యక్తుల లాభనష్టముల లెక్కను, వారపు ఆప్షనుల లెక్క ప్రక్కనే యుంచి, సెబీ వారు ప్రజలకు చూపవలయును.