పువ్వు వేళా, హాస్టల్ గేటూ

వృక్షశాస్త్రం ఆడపిల్లలకు అనువైన చదువని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. ఆకులు, పూలు, మైక్రోస్కోపు - నీడపట్టున కూచుని చేసుకునే పని కదా అంటారు. ఇలా అనేవాళ్ళకు ఆ శాస్త్రమూ తెలియదు, ఆ చదువుకు ఏమేం కావాలో కూడా తెలియదు. మొక్కల మీద పరిశోధన కాలేజీ గంట ప్రకారం నడవదు. పువ్వు విచ్చే వేళను బట్టి నడుస్తుంది.

1897లో తలశ్శేరిలో పుట్టిన ఇ.కె. జానకి అమ్మాళ్ 1920లలో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌కు చదువుకోవడానికి వెళ్ళారు. మిషిగన్ విశ్వవిద్యాలయాన్ని అల్లుకుని బతికే ఊరది. పుస్తకాల షాపులు, సినిమా హాళ్ళు, ఫుట్‌బాల్ రోజుల కోలాహలం, సాయంత్రాల ఉపన్యాసాలు - ఎప్పుడూ సందడే. ఆసియా స్త్రీల కోసం 1917లో ఏర్పాటైన బార్బర్ స్కాలర్‌షిప్ ఆమెను అక్కడికి చేర్చింది. 1931లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత కోయంబత్తూరులో చెరకు సంకరాల మీద పనిచేశారు. సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్‌ను డార్లింగ్టన్‌తో కలిసి 1945లో ప్రచురించారు.

దీన్ని ఒక స్త్రీ పట్టుదల కథగా చెప్పుకుని ఊరుకోవడం మనకు అలవాటు. పట్టుదల ఒక్కటే చాలదు. స్కాలర్‌షిప్, ఉండటానికి గది, ప్రయోగశాల ఉన్నాయి కనకనే ఆ చదువు సాగింది. అయినా ఆ ఊరి సందడి స్త్రీలందరిదీ కాదు. మిషిగన్ 1870లోనే స్త్రీలను చేర్చుకుంది. కానీ విద్యార్థులు కలుసుకునే యూనియన్ భవనం ముందు ద్వారం గుండా స్త్రీలు వెళ్ళటానికి 1950ల దాకా వీల్లేదు. పక్క ద్వారమే దిక్కు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లల హాస్టళ్ళకు రాత్రివేళ ఆంక్షలు 1960ల దాకా ఉన్నాయి. వాటిని విద్యార్థినులే అడిగి, కొట్లాడి తీయించుకున్నారు.

మన తిరుపతి, వరంగల్, విశాఖపట్నాలూ కళకళలాడే చదువుల ఊళ్ళే. సాయంత్రమైతే టీకొట్ల దగ్గర, లైబ్రరీల్లో, మీటింగుల్లో చర్చలు మొదలవుతాయి. సరిగ్గా ఆ వేళకే చాలా హాస్టళ్ళలో అమ్మాయిల హాజరు తీసుకుంటారు. పత్తిలో సంకరం చేయాలంటే మర్నాడు విచ్చబోయే మొగ్గను ముందురోజు సాయంత్రం విప్పి, పుప్పొడి తిత్తులు గిల్లేయాలి. తెల్లవారాక మరో మొక్క పుప్పొడి అద్దాలి. గేటు మూసే వేళకు ఆ అమ్మాయి ఇంకా చేలోనే ఉండాలి. చివరికి ఆ పని తోటి విద్యార్థి చేసిపెడతాడు, లేదా ఆమె వేరే అంశం ఎంచుకుంటుంది. దాన్ని ఆమె "ఆసక్తి" అని రాసుకుంటాం.

ఇదే పని కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన పత్తి చేలలో ఎవరు చేశారు? ఎక్కువమంది చిన్న ఆడపిల్లలే. 1990లలో పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. వాళ్ళు సాయంత్రం దాకా చేలో ఉంటే ఎవరికీ భద్రత గుర్తురాలేదు. తక్కువ కూలికి దొరికే చురుకైన వేళ్ళే కనిపించాయి. చేలో చేస్తే క్రాసింగ్ కూలి, ప్రయోగశాలలో చేస్తే శాస్త్రం. ఒకరిని బడి మాన్పించి చేలో నిలబెట్టిన వ్యవస్థే, ఇంకొకరిని చేలోకి పోనీయకుండా గేటు వేసింది. సమాజశాస్త్రం చదివినదానిగా నేను ఈ రెండింటినీ విడదీసి చూడలేను.

భద్రత అక్కర్లేదని ఎవరూ అనటం లేదు. స్త్రీల భద్రత పేరుతో హాస్టళ్ళలో వివక్షతో కూడిన నియమాలు పెట్టరాదని యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది. అంటే మనం కొత్తగా దయ అడగటం లేదు. పరిశోధనా క్షేత్రం దారిలో దీపాలు, రాత్రివేళ వాహనం, పొలం దగ్గర మరుగుదొడ్డి, నిజంగా పనిచేసే ఫిర్యాదుల కమిటీ కావాలి. తాళానికయ్యే ఖర్చు కంటే వీటికి ఖర్చు ఎక్కువ. అందుకే తాళం వేస్తున్నారు. మన సంఘాలు ఇకమీదట కాలేజీలకు వెళ్ళినప్పుడు ఎంతమంది అమ్మాయిలు చేరారని మాత్రమే కాదు, గేటు ఎన్ని గంటలకు మూస్తారో కూడా అడగాలి.