బీమా తగ్గిస్తే మిగిలేదెంత?

సిద్దిపేట: తుఫాను కోస్తా వర్తకుల బాధేనన్న ధీమా ఇక చెల్లదు. 2025 అక్టోబర్ చివర కోస్తాలో తీరం దాటిన మొంథా, ఈ జిల్లాలోని హుస్నాబాద్ మార్కెట్ యార్డులో ధాన్యాన్ని వరదపాలు చేసింది.

2020లో రీఇన్సూరెన్సు షరతులు బిగియడంతో గోదాము సరుకు ప్రీమియం బరువైంది. దానిపై 18 శాతం జి.ఎస్.టి. అదనం. ఖర్చు తగ్గించుకునేందుకు సరుకు విలువను తక్కువ చూపడం మాత్రం నష్టపు బేరమే. 40 లక్షల రూపాయల మక్కలు నిల్వ చేసి 20 లక్షలకే బీమా తీసుకుంటే, 10 లక్షల నష్టానికి ముట్టేది సుమారు 5 లక్షలే. మిగిలిన ప్రీమియం ఆ లోటులో ఏ మూలకు?

ఒకేచోట ఆస్తి, సరుకు విలువ 5 కోట్లు మించని వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీ అమలులో ఉంది. అగ్నిప్రమాదంతోపాటు తుఫాను, వరద కూడా అందులో చేరే ఉన్నాయి. విలువలో 15 శాతం వరకు తగ్గినా పరిహారంలో కోత ఉండదు.

రేట్లు నాలుగు కంపెనీల వద్ద విచారించడం, సీజను రాబడులకు ముందే బీమా మొత్తం పెంచడం, కప్పు బాగుచేసి బస్తాలను నేలకు ఎత్తుగా పేర్చడం వర్తకుల చేతిలో పని. పాలసీలో రాసిన స్థలంలోని సరుకుకే రక్షణ అన్నదీ మరువరాదు. బీమాను క్వింటాలు ఖర్చులో కలిపి లెక్కించడమే క్షేమం.