రిటైరవని ఇంగ్లీషు మాట

మా ఆఫీసులో ఒకాయనకి పాత ఇంగ్లీషు మాటలంటే మహా సరదా. భోజనాల దగ్గర రోజుకొకటి వదుల్తుంటాడు. "బిట్విక్స్ట్" అంటే మధ్యన, "ఫోర్సూత్" అంటే నిజంగానే... అందరం నవ్వుకుంటాం. మొన్నోరోజు నా లాప్‌టాప్‌లో జెంటూ లైనక్స్ చూసి "ఇదేం పేరు?" అన్నాడు. ఒక రకం పెంగ్విన్ పేరండీ అన్నాను. అది నిజమే, కానీ ఆ మాటకి ఇంకో పాత అర్థం ఉంది. జెంటూ అంటే మనమే!

అవునండీ, తెలుగువాళ్ళమే. పోర్చుగీసువాళ్ళు క్రైస్తవులు కానివాళ్ళని 'జెంటియో' అనేవారు. అది ఇంగ్లీషు నోట్లో పడి జెంటూ అయింది. బెంగాలు వైపు హిందువులందరికీ అదే పేరు. మద్రాసు వైపు మాత్రం తెలుగువాడూ జెంటూయే, తెలుగు భాషా జెంటూయే. 1816లో క్యాంబెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులో కూడా ఆ మాట ఉంది. ఇప్పుడెవరూ మనని అలా పిలవరు. పీడా పోయింది.

మా ఉత్తరాంధ్రకి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పాత మ్యాపుల్లో శ్రీకాకుళం 'చికాకోల్'. "తెల్లోడికి నోరు తిరక్క అలా పాడుచేశాడు" అని మనవాళ్ళు నవ్వుతారు. కానీ మావాళ్ళు ఇప్పటికీ అనేది సిక్కోలే కదా! వాడు విన్నదే రాసుకున్నాడు, అంతే. ఇంకోటి 'నాచ్'. మన దేశం మాటే, ఇంగ్లీషులోకెళ్ళి సానివాళ్ళ మేజువాణీ అనే అర్థంతో తిరిగొచ్చింది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గిరీశం తాను యాంటీ-నాచ్ అని ఎందుకు గొప్పలు పోతాడో, ఈ మాట తెలియకపోతే సగం వెటకారం మిస్సయినట్టే.

ఈ మూడూ రిటైరైపోయాయి. పుస్తకాల్లో కూర్చుని పెన్షన్ తింటున్నాయి. నా గొడవ నాలుగో మాటతో. అది ఇంకా డ్యూటీలోనే ఉంది.

కిందటి నెల విజయనగరం నుంచి చిన్నప్పటి స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఏటిరా, సీతంపేట వైపు ఎకరాలు చవగ్గా వస్తన్నాయట. ఎవరో గిరిజనుడి పేరు మీద రాయించేద్దాం, చెరిసగం పెట్టుకుందాం. ఏజెన్సీయే కదా, ఎవుడు చూడొచ్చాడు?"

ఏజెన్సీయే కదా! పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే ఇది. "ఏజెన్సీ చింతపండు", "ఏజెన్సీ జొరం", "ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ చేయించేస్తా" అని బెదిరింపు. గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ లాగా కొండలకి ఈ పేరేంటని ఒక్కరోజైనా ఆలోచించామా?

1830ల మొదట్లో పర్లాకిమిడి, పాలకొండ వైపు కుంపినీ మీద తిరుగుబాట్లు లేచాయి. సైన్యాన్ని దింపి అణిచేశారు. ఆ తర్వాత 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కోసం ఒక చట్టం తెచ్చారు. కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు, మామూలు రూల్సు పనిచెయ్యవు. కలెక్టరే గవర్నరుకి 'ఏజెంటు'గా ఉండి పన్నూ, తీర్పూ అన్నీ చూసుకుంటాడు. ఆ ఏజెంటు చేతి కింద ఉన్న నేల కాబట్టి ఏజెన్సీ. అంటే అది కొండ పేరు కాదు, అక్కడి మనుషుల పేరూ కాదు. ఒక ఆఫీసరు హోదా పేరు! మీ ఊరి పేరు తీసేసి 'తాసీల్దారీ' అని పిలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

"సరే, పేరే కదా, మార్చేస్తే పోలా?" అంటారేమో. ఆగండి, అంత సుళువు కాదు. ఈ మాట పట్టుకునే గిరిజనుడికి రక్షణ కూడా వచ్చింది. అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి బయటివాళ్ళు కొనకూడదని 1917లో ఏజెన్సీ చట్టం చేశారు. అది ఎంత బాగా అమలైందో 1967లో తెలిసింది. ఆ ఏడు అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చిన కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం గిరిజనులు ఎందుకు తిరగబడ్డారో అడిగితే మొదటి జవాబు భూమి, రెండోది అప్పు. 1970లో, 1959 నాటి రెగ్యులేషన్‌ని సవరించి, మనందరం '1/70' అనే రూల్ తెచ్చారు. దాని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనులకో, వాళ్ళ సహకార సంఘాలకో తప్ప ఎవరికి రాసినా చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా సరే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, ప్రభుత్వం కూడా ఆ నేలని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడానికి వీల్లేదంది.

ఇప్పుడు మావాడి మాట మళ్ళీ చదవండి. వాడి లెక్కలో ఏజెన్సీ అంటే రూల్ లేని చోటు. నిజానికి మా జిల్లాల్లో భూమి విషయంలో అన్నిటికంటే గట్టి రూలున్న చోటు అదే! 1839 నాటి సగం అర్థం (మామూలు చట్టం నడవని చోటు) మన బుర్రల్లో ఉండిపోయింది. ఆ తర్వాత మనుషులు చచ్చి సంపాదించుకున్న మిగతా సగం మనకి ఎక్కలేదు. పాత మాటకి అర్థం తెలియకపోతే మా ఆఫీసులో అయితే నవ్వుకుంటాం. అక్కడ ఒకడి పొలం పోతుంది.

2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. మన్యం అనే మన మాట జిల్లా పేరులోకెక్కినందుకు సంతోషమే. కానీ బోర్డు మారినంత మాత్రాన బినామీ ఆగదు. ఆ బినామీ గిరిజనుడికి చేతిలో పడేది నాలుగు నోట్లు, పాసు పుస్తకం మనవాడి బీరువాలో.

మావాడికి ఇదంతా చెప్పాను. "నీకు చాదస్తం ఎక్కువైపోయిందిరా" అని ఫోన్ పెట్టేశాడు. వాడు కొంటాడో మానేస్తాడో నాకు తెలీదు, నా సగం మాత్రం లేదు.

మీరూ ఒక పని చెయ్యండి. ఇకమీదట ఎవరైనా "ఏజెన్సీయే కదా" అంటే నవ్వి ఊరుకోకండి. "ఎవరికి ఏజెంటు? ఎవరి నేల?" అని అడగండి.