బాట్‌కు బునియాద్ ఒక్కసారే వేయండి

జావాలో చాట్ బాట్ రాయడం ఈ రోజుల్లో పెద్ద హునర్ కాదు. టెలిగ్రామ్ 2015లో బాట్లకు దర్వాజా తెరిచింది. ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు కుర్రాడు ఒక ఆదివారం కూర్చుంటే చాలు, సలామ్ చేస్తే జవాబిచ్చే బాట్ తయారు. తొర్రూరులో మా భాంజా ఇప్పటికి మూడు చేశాడు. మసీదు కమిటీకి ఒకటి, దోస్తు వాళ్ల బట్టల దుకాణానికి ఒకటి, మూడోది దేనికో వాడికే యాద్ లేదు. మూడూ సున్నా నుంచే మొదలుపెట్టాడు. మూడూ ఇంగ్లీషులోనే మాట్లాడతాయి.

నా రాయ్ ఏమిటంటే, నాలుగోది మొదలుపెట్టే ముందు మన పిల్లలు ఆగాలి. పునాది, కరెంటు వైరింగు, నల్లా కనెక్షన్ అన్నీ ఉన్న ఖాళీ ఇల్లు ఒకటి ముందు కట్టాలి. ఆ తర్వాత ఏ బాట్ కావాలన్నా దాన్ని నఖల్ తీసుకుని, సామాను సర్దుకుంటే సరిపోతుంది. దీన్నే వాళ్లు స్టార్టర్ ప్రాజెక్ట్ అంటారు. నేను ప్రోగ్రామర్‌ను కాను, జుబాన్ మనిషిని. కానీ ఆ ఖాళీ ఇంట్లో ఏయే గదులు ఉండాలన్నది సగం జుబాన్ మసలానే.

మన ఇళ్ల సంగతి చూడండి. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేశాను, రెండు లిపులూ వచ్చు. మా ఆపాకు మాట ఉర్దూ, చదువు తెలుగు. వాట్సాప్‌లో ‘అమ్మీకు దవా దియే క్యా’ అని తెలుగు అక్షరాల్లో కొడుతుంది. ఉర్దూ లిపిలో మెసేజ్ వస్తే ఎవరితోనో చదివించుకుంటుంది. ఇలాంటి ఖాందాన్లు మనలో ఎన్నో మీకే తెలుసు. కాబట్టి స్టార్టర్‌లో తెలుగు, ఉర్దూ లిపిలో ఉర్దూ, తెలుగు లిపిలో ఉర్దూ అని మూడు ఫైళ్లు మొదటి రోజు నుంచే ఉండాలి. జావాలో దీనికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. భాషకు ‘యూఆర్’, లిపికి ‘టెలు’, మధ్యలో ఒక గీత. 2011లో వచ్చిన జావా 7 నుంచి ఈ గుర్తు చెల్లుతోంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. తెలుగు లిపి ఫైల్లో ఏదైనా వాక్యం లేకపోతే జావా చప్పుడు చేయదు, మెల్లగా ఉర్దూ లిపి ఫైల్లోంచి తెచ్చి చూపిస్తుంది. మా ఆపా మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని మూడు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఖాళీ ఉందో చెప్పే చిన్న టెస్ట్ కూడా స్టార్టర్‌లోనే రాసి పెట్టాలి.

పాత జావా వాడొద్దు. జావా 8 వరకు ఈ మెసేజ్ ఫైళ్లలో తెలుగు నేరుగా రాస్తే అక్షరాలు చెడిపోయేవి. 2017లో జావా 9తో ఆ ఫైళ్లకు, 2022లో జావా 18తో మిగతా చాలావాటికీ యూటీఎఫ్-8 మామూలు పద్ధతైంది.

రెండో గది, మారే విషయాలది. షాదీ ముబారక్ మీద బాట్ చేస్తున్నారనుకోండి. 2014లో ఆ పథకం మొదలైనప్పుడు రూ. 51,000. 2017లో 75,116 చేశారు. మరుసటి ఏడాదే 1,00,116. ఆ అంకె కోడ్ లోపల పాతిపెడితే మారిన ప్రతిసారీ ప్రోగ్రామర్ బేటాను వెతుక్కోవాలి, వాడు అప్పటికి హైదరాబాద్‌లో నౌకరీలో ఉంటాడు. అంతదాకా ఎందుకు, మన తొర్రూరు జిల్లా పేరే 2016 అక్టోబర్‌లో వరంగల్ నుంచి మహబూబాబాద్‌కు మారింది. ఇలాంటివన్నీ బయట సెట్టింగుల ఫైల్లో ఉండాలి.

బటన్ల దగ్గర ఇంకో తమాషా. టెలిగ్రామ్ బటన్ వెనకాల దాచుకునే గుర్తుకు 64 బైట్లే ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు దేనికదే మూడు. ‘షాదీ ముబారక్ దరఖాస్తు కాగితాలు’ అని రాస్తే 84 అవుతుంది, టెలిగ్రామ్ వాపస్ కొడుతుంది. బటన్ పైన ఎంత తెలుగైనా రాసుకోండి, వెనకాల గుర్తు మాత్రం పొట్టిగా ఉండాలి.

నాకు అన్నిటికన్నా ఫిక్ర్ అమానత్ గురించి. షాదీ ముబారక్ బాట్‌తో మాట్లాడేది ఆడపిల్ల తండ్రి. పేరు చెబుతాడు, ఫోన్ నంబరు చెబుతాడు, అడగకపోయినా ఆధార్ ఫోటో పంపిస్తాడు. బాట్ చేసే కుర్రాడు తప్పు వెతుక్కోవడానికి వచ్చిన ప్రతి మెసేజ్‌నూ లాగ్‌లో రాయిస్తాడు, వాడికి బదనీయతి ఏమీ ఉండదు. కానీ ఆ లాగ్ వాడి దోస్తుల లాప్‌టాప్‌లలో తిరుగుతుంది. స్టార్టర్‌లో లాగ్ మెసేజ్‌ను రాయకూడదు, ‘ఒక సవాల్ వచ్చింది, జవాబు ఇచ్చాను’ అని రాస్తే చాలు. ఫోటో వస్తే దాచుకోకుండా ‘మీసేవలో ఇవ్వండి’ అని మర్యాదగా చెప్పాలి. బాట్ టోకెన్ కూడా తాళంచెవి లాంటిదే, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ బాట్ పేరుతో మాట్లాడగలరు. కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో పెట్టకుండా మెషీన్ సెట్టింగులోంచి తీసుకునేలా ఉండాలి.

పది లైన్ల పైథాన్‌తో అయ్యే పనికి జావాలో ఇంత తతంగం ఎందుకని మా భాంజా దోస్తులే అడిగారు. ఒక్క బాట్‌కైతే వాళ్ల మాట సహీ. కానీ జావా మన ఇంజినీరింగ్ కాలేజీల్లో నేర్పేదే, ఈ కుర్రాడు వెళ్లిపోయినా తర్వాతి కుర్రాడు చదివి అందుకోగలడు. పైగా జనం టెలిగ్రామ్‌లో కన్నా వాట్సాప్‌లోనే ఎక్కువ ఉంటారు. పక్క రాష్ట్రం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. అక్కడ జవాబు బటన్లు మూడే, ఒక్కోటి 20 అక్షరాలకు మించకూడదు. కాబట్టి సవాల్-జవాబుల భాగం వేరు, టెలిగ్రామ్‌తో మాట్లాడే భాగం వేరుగా కడితే రేపు వాట్సాప్ భాగం తగిలించుకోవడం ఆసాన్.

తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. సర్కారు తన బాట్లలో దాన్ని అమలు చేయాలని డిమాండ్ చేయాల్సిందే. కానీ తెలుగు లిపిలో ఉర్దూ గురించి ఏ దఫ్తర్ కూడా ఆలోచించదు, అది మన ఇంటి పని. మా వాడి ఫైల్లో ఉన్నవి నలభై వాక్యాలు. తర్జుమా నాకిచ్చాడు. ‘ఇన్‌కం సర్టిఫికెట్’కు నేను ‘ఆమ్దనీ సదాఖత్‌నామా’ అని రాశాను. ఆపా చూసి నవ్వి, “భయ్యా, మీసేవలో ఆ మాట అంటే నన్ను ఇంటికి పంపిస్తారు” అని చెరిపించింది. ఇప్పుడు ఆ నలభై వాక్యాలూ ఆపా దగ్గరే ఉన్నాయి.